వైరు అతికించి అమ్మే ఎక్స్‌టీ60 కనెక్టర్లు కొంటున్నారా? బ్యాటరీకి పెట్టే ముందు ఇది చదవండి

ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) కార్ల కోసం ముందే వైర్లు సోల్డర్ చేసి చవగ్గా అమ్ముతున్న ఎక్స్‌టీ60 (బ్యాటరీని బండికి కలిపే ప్లగ్) సెట్లతో జాగ్రత్త. ప్యాకెట్ విప్పి అలాగే లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి తగిలించకండి.

అన్నిటికన్నా ప్రమాదమైన లోపం, ఎర్ర వైరు మైనస్ వైపు అతికించి ఉండడం. చాలా ఈఎస్‌సీలకు (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్లు) ఉల్టా కనెక్షన్ నుంచి రక్షణ ఉండదు, ప్లగ్ పెట్టగానే కాలిపోతాయి. రంగును నమ్మకండి. కనెక్టర్ ఒంటి మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో (రెండు చివరలు కలిసి ఉంటే బీప్ అనే మోడ్) పెట్టి, ప్లస్ పిన్ ఏ వైరుకు పలుకుతోందో ప్రతి ముక్కకూ చూడండి. ఒకే ప్యాకెట్‌లో కొన్ని సరిగ్గా, కొన్ని తిరగేసి ఉండొచ్చు.

తర్వాత వైరు. పైన 12 ఏడబ్ల్యూజీ (వైరు మందం కొలత, అంకె తగ్గేకొద్దీ లావు) అని అచ్చు ఉంటుంది, తొక్క లావుగానే ఉంటుంది, లోపల రాగి మాత్రం సన్నం. అసలైన 12 ఏడబ్ల్యూజీ సిలికాన్ వైరులో 0.08 మి.మీ. పోగులు 680 ఉంటాయి, 14లో 400. లెక్కపెట్టే పనిలేదు. ఒక సెంటీమీటరు తొక్క తీసి, మెలిపెట్టి కొలవండి: 12 అయితే దాదాపు రెండున్నర మి.మీ. రావాలి. పోగును బ్లేడుతో గీకి భూతద్దంలో చూడండి. పైన తెల్లగా, గీకితే ఎర్రగా వస్తే తగరం పూసిన రాగి, మంచిదే. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంటే రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు, నాలుగుసార్లు వంచితే పోగులు తెగుతాయి. అలాంటిది పారేయాల్సిందే.

ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే బిగుసుకునే తొడుగు) కోసి అతుకు కూడా చూడాలి. సోల్డర్, పిన్ వెనక వైరు దూర్చే కప్పులోకి దిగకుండా పైన గరుకు ఉండలా కూర్చుంటే అది చల్లని అతుకు, అంటే వేడి చాలక సరిగ్గా పట్టనిది. అక్కడ 5 మిల్లీఓమ్‌ల నిరోధం చేరినా 60 ఆంపియర్ల దగ్గర 18 వాట్ల వేడి పుడుతుంది, అంత చిన్న ప్లాస్టిక్ ముక్కలో! నాసిరకం ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను పక్కకు ఒరుగుతుంది, ప్లగ్ వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

ప్లాస్టిక్, వైరు రెండూ బాగుండి అతుకు ఒక్కటే చెడితే మళ్లీ సోల్డర్ చేసుకోవచ్చు. 60 వాట్లకు తగ్గని ఐరన్, వెడల్పు టిప్, 63/37 రోజిన్ కోర్ లెడ్ (తగరం, సీసం కలిసిన సోల్డర్ తీగ) తీసుకోండి. సన్న టిప్‌తో ఎంతసేపు పెట్టినా కప్పు వేడెక్కదు, ప్లాస్టిక్ మాత్రం కరుగుతుంది. పిన్నులు కదలకుండా దేనికీ కలపని జత కనెక్టర్‌ను తగిలించి ఉంచండి. ముందుగా వైరుకు ష్రింక్ ట్యూబ్ ఎక్కించి దూరంగా జరపండి. కప్పుకూ వైరుకూ విడివిడిగా లెడ్ పట్టించి, ఆ తర్వాత కలపండి. యాసిడ్ ఫ్లక్స్ (సోల్డర్ పట్టడానికి రాసే పదార్థం) వద్దు, పోగుల్ని తినేస్తుంది.

బ్యాటరీ వైపు పని చేసేటప్పుడు రెండు వైర్లూ ఒకేసారి కత్తిరించకండి, కట్టర్ పళ్లే షార్ట్ చేస్తాయి. ఒకటి కోసి, అతికించి, ష్రింక్ వేశాకే రెండోది ముట్టుకోండి. తిరగేసి వచ్చిన సెట్లను డబ్బాలో దాచకండి. వాపసు పంపండి, లేదా వైరు కోసేయండి.