మన తర్వాత బిడ్డ డబ్బు: గార్డియనా, ట్రస్టా?

శ్రీకాకుళం కోర్టులో మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే.

గార్డియన్ అంటే బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకుని, ఆస్తి చూసుకునే మనిషి. ఆ మనిషిని 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ సభ్యుడిగా ఉండే స్థానిక కమిటీ నియమిస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే ఇది వర్తిస్తుంది. ఖర్చు తక్కువ.
ట్రస్టు అంటే బిడ్డ కోసం ఆస్తిని ట్రస్టీ అనే మనిషి చేతిలో పెట్టడం. దానికి దస్తావేజు రాయించాలి. భూమి పెడితే రిజిస్ట్రేషన్ తప్పదు.

అసలు తేడా లెక్కల్లో ఉంది. గార్డియన్ 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లో జమాఖర్చులు కమిటీకి ఇవ్వాలి. ఆస్తి దుర్వినియోగం చేస్తే బంధువులు కూడా అతన్ని తొలగించమని కమిటీని అడగొచ్చు. కుటుంబ ట్రస్టులో ట్రస్టీ తప్పు చేస్తే సివిల్ కోర్టే దిక్కు. ఆ బిడ్డ తరఫున కోర్టు మెట్లెక్కేది ఎవరు? నా టెన్షన్ అంతా అదే. అందుకే ఒక్కరినే ట్రస్టీగా పెట్టొద్దంటాను, ఎంత నమ్మకమైన తమ్ముడైనా సరే.

పింఛను, బిడ్డ పేరున కొద్దిపాటి డిపాజిట్ మాత్రమే ఉంటే గార్డియన్ చాలు.
ఉద్దానంలో కొబ్బరి తోటో, పలాసలో అద్దెలొచ్చే ఇల్లో మీ పేరున ఉంటే, మీరుండగానే ట్రస్టు రాయించండి. అప్పుడు కూడా బిడ్డ తరఫున సంతకాల కోసం గార్డియన్ ఉండాలి.