మూత కింద బిరడా: ఏడేళ్లుగా తాగుతున్న కాంటియోన్ గ్యూజ్

ఈ బీరుకి మొదటిసారి నేను ఐదింటికి రెండిచ్చాను. ఆ రెండులో ఒకటి గ్లాసు బాగున్నందుకు.

బ్రస్సెల్స్‌కి వచ్చిన కొత్త. ఆఫీసులో ప్రతివాడూ "అండర్లెక్ట్‌లో ఉంటూ కాంటియోన్‌కి పోలేదా?" అని అడిగేవాడు. అండర్లెక్ట్ అంటే మేముండే పేట, కాంటియోన్ అక్కడి బ్రూవరీ, బీరు కాచే చోటు. అప్పటికి నేను దాన్ని కాంటిల్లన్ అనేవాణ్ని, ఎవరూ సరిదిద్దలేదు. ఒక శనివారం వెళ్లాను. మిడీ స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరం. గ్యూడ్ వీధిలో బయటి నుంచి చూస్తే పాత గోడౌన్‌లా ఉంటుంది. లోపలంతా తడిచెక్క వాసన, వెనిగర్ వాసన, ఎక్కడో మగ్గిన ఆపిల్ వాసన. పీపాల మధ్య సాలెగూళ్లు. దులపరట, పురుగుల్ని తినే సాలీళ్లని కావాలనే ఉండనిస్తారట. చివర్లో చేతికో గ్లాసు ఇచ్చారు. ఒక్క గుక్కకి పళ్లు జివ్వుమన్నాయి, చింతకాయ కొరికినట్టు. పాడైపోయిన సీసా తగిలిందనుకుని పక్కాయన మొహం చూశాను. ఆయన కళ్లు మూసుకుని ఆస్వాదిస్తున్నాడు.

ఇప్పుడు అదే గ్యూజ్‌కి నేనిచ్చేది నాలుగున్నర. ఈ ఏడేళ్లలో బీరు మారలేదు. నేను ఎలా మారానో చెప్పాలంటే మా బాబాయి సంగతి చెప్పాలి, అది కాసేపట్లో.

బెల్జియం బీర్ల చరిత్ర, మఠాల్లో సన్యాసులు, ఏ బీరుకి ఏ గ్లాసు లాంటివన్నీ చాలామంది రాశారు, నేను వదిలేస్తున్నాను. తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఇందులో ఈస్ట్ వెయ్యరు. బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు), మాల్ట్ చెయ్యని గోధుమలు కలిపి తీసిన రసాన్ని, ఏళ్ల తరబడి నిలవపెట్టిన పాత హాప్స్‌తో (బీరులో వేసే తీగ పూలు) గంటల కొద్దీ కాచి, పైకప్పు కింద ఉన్న వెడల్పాటి రాగి తొట్టిలోకి వదులుతారు. రాత్రంతా అది అక్కడే మూత లేకుండా చల్లారుతుంది. గాలిలో, ఆ కప్పులో, చెక్కల్లో ఏ సూక్ష్మజీవులున్నాయో అవి వచ్చి పడతాయి. పొద్దున్నే పీపాల్లోకి. మిగతా పని వాటిదే. అందుకే చలికాలంలోనే, సుమారుగా అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటిదాకా మాత్రమే కాస్తారు. 2015 నవంబరులో రాత్రుళ్లు మరీ వెచ్చగా ఉండి మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. అలా పులిసినదాన్ని లాంబిక్ అంటారు. ఒక ఏడాదిది, రెండేళ్లది, మూడేళ్లది కలిపి సీసాలో పోస్తే, కుర్ర లాంబిక్‌లో మిగిలిన చక్కెర సీసాలోనే మళ్లీ పులిసి నురగ పుడుతుంది. అదే గ్యూజ్.

ఇదంతా 1900లో పాల్ కాంటియోన్ మొదలుపెట్టాడు. మొదట్లో వాళ్లు కాచేవాళ్లు కాదు, వేరేవాళ్ల దగ్గర లాంబిక్ కొని కలిపి అమ్మేవాళ్లు. సొంతంగా కాయడం 1930ల చివర్లో. నాకు నచ్చిన భాగం మాత్రం అల్లుడిది. ఊళ్లో ఇలాంటి బ్రూవరీలు ఒక్కొక్కటే మూతపడుతూ, మిగిలినవి జనం కోరారని గ్యూజ్‌లో తీపి కలుపుతున్న కాలంలో, ఈ ఇంటి అల్లుడు జాన్-పియేర్ వాన్ రోయ్ తీపి కలపనని మొండికేశాడు. 1978లో బ్రూవరీనే మ్యూజియంగా తెరిచి, చూసిపోండి రమ్మన్నాడు. ఇప్పుడు కాచేది ఆయన కొడుకు జాన్. ఇల్లరికపు అల్లుళ్ల మీద మనకున్న జోకులన్నీ ఒకసారి వెనక్కి తీసుకోవచ్చు.

ఇక బాబాయి. రెండో ఏడాది మే నెలలో ఇండియా వస్తూ ముప్పావు లీటరు సీసాలు రెండు జీన్స్ ప్యాంట్లలో చుట్టి సూట్‌కేసులో పెట్టాను. మనిషికి రెండు లీటర్లదాకా తేవచ్చు కాబట్టి ఎయిర్‌పోర్టులో టెన్షన్ లేదు. మా ఊరు భువనగిరి దగ్గర. చేరిన రోజు సాయంత్రమే, ఫ్రిజ్‌లో గంటసేపు పడుకోబెట్టిన సీసా తీసుకుని డాబా మీదికెక్కాం: బాబాయి, మా తమ్ముడు, నేను. స్టీలు గ్లాసులు, శనగ గుడాలు, వేయించిన చేపముక్కలు.

ఓపెనర్‌తో మూత లాగాను. దాని కింద బిరడా. సీసా అంచుతో సమానంగా, గోరు కూడా దూరకుండా దిగి ఉంది. "మూత తీస్తే మళ్ల మూతేందిరా!" అన్నాడు బాబాయి. నిజం చెప్పాలంటే నాకూ అప్పుడే తెలిసింది. బ్రస్సెల్స్‌లో ఎప్పుడు తాగినా అక్కడే కూర్చుని తాగడం, వాళ్లే తీసి, సీసాని అల్లిన బుట్టలో ఏటవాలుగా పడుకోబెట్టి తెచ్చివ్వడం. నేను చేత్తో తీసింది ఎన్నడూ లేదు. ఊళ్లో కార్క్ స్క్రూ ఎవరింట్లో ఉంటుంది? మా తమ్ముడు చాకుతో పొడిస్తే పైన పొట్టులా రాలింది తప్ప కదల్లేదు. సీసాని తలకిందులు చేసి అడుగున అరచేత్తో చరిచాడు, ఫోన్లో ఏదో వీడియోలో చూశాడట. చివరికి బాబాయి కిందికి పోయి పాత తలుపు బందుల డబ్బాలోంచి రెండంగుళాల మరమేకు, స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు తెచ్చాడు. మేకుని బిరడాలోకి తిప్పి, ప్లయరుతో పట్టుకుని, నేను సీసాని మోకాళ్ల మధ్య బిగించి కూర్చుంటే ఆయన లాగాడు.

ఆ చప్పుడుకి పక్కింటి కుక్క మొరిగింది. గంటన్నరపాటు కుదిపిన సీసా, అందులో మే నెల ఎండ. నురగ ఒకటే పొంగు. నా చొక్కా తడిసింది, పిట్టగోడ తడిసింది, గుడాల పళ్లెంలో పావు లీటరు పోయింది. అడుగున ఉండాల్సిన మడ్డంతా లేచి బీరు గోధుమరంగు బురదలా అయింది. అందులో బిరడా పొట్టు. టీ జల్లెడ తెచ్చి వడగట్టి గ్లాసుల్లో పోశాం. ఇంతకన్నా అన్యాయంగా ఆ బీరుని ఎవరూ తాగి ఉండరు. తప్పు పూర్తిగా నాది.

బాబాయి ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, ఇంకో గుక్క తాగాడు.

"కల్లే కదరా ఇది. పొద్దుగాల దించింది పొద్దూకినంక తాగినట్టుంది."

ఈస్ట్ వెయ్యరని, గాలిలోంచే వచ్చి పడతాయని చెప్పాను. అదేదో వింతని చెప్తున్నట్టు చెప్పాను కూడా. ఆయనకి వింతేమీ అనిపించలేదు. "మరి మన లొట్టిల ఏమేస్తరు?" అన్నాడు. కాసేపాగి, "వీళ్లు పీపాలు కడుగుతరా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి నేను దిమ్మెరపోయాను. మ్యూజియం మొత్తం తిరిగి, చేతికిచ్చిన పుస్తకం చదివి కూడా నాకు తోచని ప్రశ్న అది. కడుగుతారు, వేడినీళ్లు పోసి, లోపల గొలుసులు వేసి మరీ తిప్పి తోముతారు. అయినా చెక్క లోపల దాక్కున్నవి, గోడల్లో కప్పులో ఉన్నవి ఎక్కడికీ పోవు. బ్రస్సెల్స్ పేరే పెట్టిన ఈస్ట్ ఒకటుంది, బ్రెట్టనోమైసెస్ బ్రక్సెలెన్సిస్ అని. లొట్టిని ఎంత కడిగినా తెల్లారేసరికి కల్లు ఎందుకు పొంగుతుందో తెలిసిన మనిషికి అదంతా అరనిమిషంలో అర్థమైంది.

ఆ రోజే నాకూ ఒకటి అర్థమైంది. దీన్ని నేను అప్పటిదాకా బీరులా తాగుతున్నాను, కింగ్‌ఫిషర్ తాగినట్టు గటగటా, ఒట్టిగా. నంజుకునేదేదైనా పక్కన ఉంటే ఆ పులుపు వేరు. చేపముక్క కొరికి ఒక గుక్క వేస్తే నిమ్మకాయ పిండినట్టుంది. బ్రస్సెల్స్‌వాళ్లు దీంతో రొట్టె మీద మెత్తటి తెల్ల చీజ్ రాసుకుని ముల్లంగి, ఉల్లికాడలు నంజుకుంటారు. తిండిలేకుండా దీనికి మార్కులిచ్చిన నా మొదటి రెండేళ్ల రేటింగులు చెల్లవు.

బాబాయికి నచ్చిందని ఇన్నాళ్లూ అందరికీ చెప్తూ వచ్చాను. సరిగ్గా చెప్పాలంటే ఒక గ్లాసు తాగాడు. రెండోది పోయబోతే చెయ్యి అడ్డం పెట్టి, తమ్ముణ్ని బ్రాందీకి పంపాడు.

రెండో సీసా సంగతి ఇంకా సిగ్గుచేటు. అమ్మ కంటబడకుండా బీరువాలో చీరల వెనక దాచి మర్చిపోయాను. రెండు ఎండాకాలాల తర్వాత దొరికింది. గ్యూజ్‌ని చల్లటి చీకటి గదిలో పెడితే ఇరవై ఏళ్లు ఉంటుందంటారు. భువనగిరి బీరువా ఆ లెక్కలోకి రాదు. తీస్తే పొంగలేదు, చప్పుడు లేదు, ముదురు తేనె రంగు, అట్టపెట్టె రుచి. అమ్మ దాన్ని బాత్రూం నల్లాలు తోమడానికి వాడింది, తళతళలాడాయని చెప్పింది.

దానికి పూర్తి వ్యతిరేకంగా, మా అపార్టుమెంటు నేలమాళిగలో ఐదేళ్లు ఉంచిన సీసా ఒకటి పోయిన డిసెంబరులో తీశాం. అదే గ్యూజ్. పళ్లు జివ్వుమనిపించే ఆ పదును పోలేదుగానీ ఒదిగింది. మొదట నిమ్మతొక్క, తర్వాత తడిసిన గడ్డి, చివర్లో ఎక్కడో తేనె వాసన, కానీ తీపి మాత్రం లేదు. ఇద్దరం రెండు గంటలు తాగాం. మా ఆవిడకి ఇంతకుముందు ఇది అస్సలు పడేది కాదు, ఆ రోజు సగం గ్లాసు తాగింది. నా నాలుగున్నర ఆ సీసాకే. కొత్తగా కొన్నదానికైతే నాలుగు.

ఇక జనం రేటింగుల మీద నా ఫిర్యాదు. యాప్‌లలో చూస్తే ఎక్కువ మార్కులు పళ్లు వేసినవాటికి, దొరకనివాటికి. ఆప్రికాట్లు వేసే ఫూ ఫూన్ అంటే పిచ్చి. లూ పెపె అనే వాళ్ల ప్రత్యేకం సీసాలు దొరికితే ఫొటో పెట్టకుండా తాగరు. మామూలు గ్యూజ్ మాత్రం ఎప్పుడూ వాటి కింద. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి సీసాలు కొనుక్కుపోయి బయట ఎన్నో రెట్లకి అమ్ముకుంటారు, అందుకే మనిషికి ఇన్నే అని బ్రూవరీ లెక్కపెట్టి ఇస్తుంది. సగం మార్కులు రుచికి, సగం మార్కులు "నాకు దొరికింది" అన్నదానికి అని నా అనుమానం.

ఇంతా చెప్పి, ఫూ ఫూన్‌కి ఒకప్పుడు ఐదుకి ఐదు వేసినవాణ్ని నేనే. తాజాగా తాగితే అది నిజమే. హైదరాబాద్ పెళ్లిలో ఖుబానీ కా మీఠా తిన్నవాడు కళ్లు మూసుకుని గుర్తుపడతాడు, తీపి తీసేసిన ఖుబానీ. కానీ ముద్దు చేసి రెండేళ్లు దాచాను. పండు వెళ్లిపోయింది, పులుపు ఉండిపోయింది. పళ్ల బీర్లు దాచుకునేవి కావు, కొన్నాక తొందరగా తాగెయ్యాలి. ఆ మాట అక్కడ చెప్తూనే ఉంటారు, నేను వినలేదు. ఇప్పుడు దానికి నాలుగు. లీటరుకి రెండొందల గ్రాముల పుల్లచెర్రీలు వేసే క్రీక్ నాకు ఎప్పుడూ మూడున్నర దాటలేదు, కారణం ఏమీ లేదు, నాకు చెర్రీ అంటే కేకు మీద ఎర్రగా ఉండేదే. మూడేళ్ల లాంబిక్‌ని నురగే లేకుండా సీసాలో పట్టే బ్రుయోక్సెల్లా ఉంది చూశారా, దానికి మార్కులివ్వడం నాకింకా చేతకాలేదు. కొన్ని రోజులు అద్భుతం, కొన్ని రోజులు తరవాణి.

కొనమంటానా? నేను ట్రాములో రెండు స్టాపుల దూరంలో ఉంటాను, అక్కడి ధరకే కొంటాను, చింతపులుసు లేనిదే ముద్ద దిగని ఇంట్లో పుట్టాను. ఈ మూడూ లేనివాళ్లకి నా మార్కులు పనికిరాకపోవచ్చు. ఇంకొకటి, పోయిన ఏడాది నుంచి నాకు ఎసిడిటీ పట్టుకుంది. రాత్రి తొమ్మిది తర్వాత తాగితే తెల్లారుజామున గుండెల్లో మంట. అందుకని ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం, భోజనంతోపాటు, ఒక్క గ్లాసు. మిగిలింది మా ఆవిడ చేపల పులుసులో పోస్తానంటోంది. నేనింకా ఒప్పుకోలేదు.