కర్నూలులో మా వాడు రెండు డ్రైవింగ్ స్కూళ్లలో చేరాడు, ఈ రివ్యూ రెండోదాని గురించి

ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు, నిండబోతున్న పిల్లలు ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను పెద్దాసుపత్రి దగ్గర మెడికల్ షాపులో పదహారేళ్లుగా పని చేస్తున్నా. మన జిల్లా వాళ్లనే కాదు, నంద్యాల, గద్వాల వైపు నుంచి కూడా రోడ్డు మీద దెబ్బలు తగిలినవాళ్లని ఇక్కడికే తెస్తారు. చీటీ పట్టుకుని షాపు దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చేది ఏ అన్నో, బావో, పక్కింటాయనో. ఆ చీటీ మీద వయసు రాసి ఉంటుంది. 19, 22, 20, 24. అవి చూసి చూసి ఉన్నానేమో, మా వాడు ఇంటర్ అయిపోయి "నాన్నా, బండి కొనివ్వు" అన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది, వాళ్లలో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లేనని కేంద్ర ప్రభుత్వ లెక్క. బండి తర్వాత చూద్దాం, ముందు రోడ్డంటే ఏంటో నేర్చుకో, కారు క్లాసుకి పో అన్నాను.

మొదటి స్కూలు ఇంటికి దగ్గరని చేర్చాను. పది రోజుల కోర్సు, రోజుకు అరగంట అన్నారు. తీరా చూస్తే ఒక్క కారులో ముగ్గురు పిల్లలు, వంతులవారీగా, అంటే ఒక్కొక్కరి చేతికి స్టీరింగ్ వచ్చేది పది నిమిషాలు. పదో రోజు "వచ్చేసింది సార్, ఇంక మీ కారులో చేయి తిరిగితే చాలు" అన్నారు. నేనూ నమ్మాను. ఆదివారం పొద్దున మా తమ్ముడి కారుకి ఎల్ బోర్డు అంటించి, నేను పక్కన కూర్చుని, సి.క్యాంపు నుంచి బయల్దేరదీశాను. మొదటి స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరింది, రెండోదాని దగ్గర బండి ఆగిపోయింది, కాస్త ముందుకెళ్లాక సందులోంచి ఆటో అడ్డం వస్తే వాడి కాలు అసలు బ్రేకు మీదికే వెళ్లలేదు. నేను హ్యాండ్‌బ్రేక్ లాగితే ఆటోకి జానెడు దూరంలో ఆగాం.

ఇంటికొచ్చాక చాలాసేపటికి వాడు చెప్పిన మాట ఇది. "నాన్నా, అక్కడ బ్రేకు నేనెప్పుడూ తొక్కలేదు. నేను తొక్కేలోపే పక్కనున్న అన్న తొక్కేసేవాడు."

నేర్పే కార్లలో పక్క సీటు కింద కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి, డ్యుయల్ కంట్రోల్ అంటారు. ఉండి తీరాలి, రూల్ కూడా అదే. కానీ ఆ పెడల్స్‌తో పది రోజులూ ఎదుటివాడే బండి నడిపేస్తే, పిల్లవాడికి వచ్చింది స్టీరింగ్ తిప్పడం ఒక్కటే, అదీ సగం. వాడు మాత్రం తనకు డ్రైవింగ్ వచ్చేసిందనే అనుకుంటాడు. అసలు రాని వాడికి కనీసం భయమన్నా ఉంటుంది కదా. ఆ తర్వాతే నాకు తెలిసిన ఇంకో సంగతి, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో సొంత కారు నేర్చుకునేవాళ్లకు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, నడిపిన సమయం 10 గంటలకు తగ్గకూడదు అని రాసి ఉంది. మా వాడికి అందింది రెండు గంటలు కూడా కాదు.

ఇక రెండో స్కూలు. కల్లూరు వైపు ఉంటుంది, చిన్నది, ఒకటే కారు, ఒకరే నేర్పేది. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన. మా షాపుకి బీపీ మాత్రల కోసం వచ్చే ఒక కండక్టరు గారు చెబితే వెళ్లాను. పేరు ఇక్కడ రాయడం లేదు, పేరు చూసి వెళ్లి చేరిపోవడం కన్నా ఏం అడగాలో తెలుసుకుని వెళ్లడం ముఖ్యమని నా అభిప్రాయం. ఫీజు 7,500. మొదటిదానికన్నా రెండున్నర వేలు ఎక్కువ. 21 రోజులు, ఒకసారికి ఒక్కరే కారులో.

మొదటి రెండు రోజులు కారు ముట్టుకోనివ్వలేదు. మా వాడు విసుక్కున్నాడు కూడా. ఆయన చేసిందేమిటంటే, ఖాళీ స్థలంలో సున్నంతో గీత గీసి, 80లో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది అబ్బీ, నడిచి చూడు అన్నాడట. ముప్పై అడుగులు వచ్చాయి. ఫోన్ మోగితే ఎవరా అని చూసి పక్కన పెట్టడానికి మూడు సెకన్లనుకో, ఇప్పుడు 66 మీటర్లు కళ్లు మూసుకుని నడువు అన్నాడట. మా వాడు ఇరవై అడుగులకే కళ్లు తెరిచేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి భోజనం దగ్గర తనంతట తనే చెప్పాడు, అప్పటిదాకా క్లాసు గురించి ఒక్క ముక్క మాట్లాడనివాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది లారీ పాఠం. ఉల్లిగడ్డల లోడు దింపేసి మార్కెట్ యార్డు బయట ఆగిన లారీ ఒకటి, ఆ డ్రైవరు ఈయనకు తెలిసినవాడే. మా వాడిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, ఇంకో పిల్లవాడిని బైకుతో లారీకి ఎడమ పక్క, ముందు చక్రం దగ్గర నిలబెట్టాడు. కనిపిస్తున్నాడా అని అడిగితే మా వాడు అద్దంలో చూశాడు, వంగి చూశాడు, లేడు. మనిషీ బండీ మొత్తం మాయం. సిగ్నల్ దగ్గర బైకులోళ్లు దూరేది సరిగ్గా ఆ సందులోకే. బళ్లారి చౌరస్తాలో రోజూ చూస్తూనే ఉంటాం కదా, లారీ ఎడమకు తిరుగుతుంటే పక్కనుంచి దూసుకుపోవడం. హారన్ కొడితే వాడు చూసుకుంటాడులే అనుకుంటారు, పైన కూర్చున్నవాడికి కనిపించడం లేదన్న సంగతి వీళ్లకు తెలియదు. ఒకసారి ఆ సీట్లో కూర్చున్న పిల్లవాడు ఇంక జన్మలో ఆ సందులో దూరడు.

కారు ఎక్కాక పద్ధతి ఎలాగంటే, మొదట్లో ఆయన కాళ్లు పెడల్స్ మీద ఉంటాయి, అవసరమైతే తొక్కుతాడు, తొక్కిన ప్రతిసారీ "ఇది నేను తొక్కాను, నువ్వు కాదు" అని చెప్తాడు. రోజు చివర్లో ఎన్నిసార్లు తొక్కాడో కార్డు మీద రాసి ఇస్తాడు. మా వాడి కార్డు మీద మొదటి రోజు 14 ఉంది, తొమ్మిదో రోజు 3, పదహారో రోజు సున్నా. ఆ తర్వాత ఆయన కాళ్లు వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. నా దృష్టిలో ఆ కార్డు ఒక్కదానికే ఆ ఫీజు ఇవ్వొచ్చు.

రాత్రి క్లాసులు రెండు, హైవే మీద. వీటికి నేనూ వెనక సీట్లో వెళ్లాను. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర ఏం జరిగిందో కర్నూలులో ఎవరికీ చెప్పక్కర్లేదు. రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకుపోయింది, మంటలు, 19 మంది ప్రయాణికులు పోయారు. ఆ రోజు పొద్దున షాపు తీసినప్పుడు ఆసుపత్రి ముందున్న జనం ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నారు. పెద్దాయన బండి పక్కకు ఆపి, డిమ్ లైటులో నీకు ఎంత దూరం కనిపిస్తోంది అని అడిగాడు. నలభై, యాభై మీటర్లు. మరి 80లో పోతూ, చూసి, బ్రేకు కొట్టి, బండి పూర్తిగా ఆగడానికి అంతకన్నా ఎక్కువ దూరమే కావాలి. అంటే కనిపించేసరికే ఆలస్యం. ఎదురుగా పడిపోయిన బైకు కావచ్చు, లైటు లేని ట్రాక్టరు ట్రాలీ కావచ్చు, మన వైపు రోడ్ల మీద రెండోది మరీ ఎక్కువ. ఆ రాత్రి వాడు 50 దాటలేదు, ఎవరూ చెప్పకుండానే.

బాగాలేనివి కూడా రాయాలి. కారు పాతది, క్లచ్ గట్టిగా ఉంటుంది, పొట్టి పిల్లలకు కష్టం. ఫోన్ ఒక పట్టాన ఎత్తరు. ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) స్లాట్ మనమే బుక్ చేసుకోవాలి. ఇవి పెద్ద విషయాలు కావు. పెద్ద లోటు ఏమిటంటే ఇక్కడా బైకు నేర్పరు. 2022లో పోయినవాళ్లలో వందకు 44 మందికి పైగా టూవీలర్ మీద ఉన్నవాళ్లే, అయినా బైకు మాత్రం బాబాయో, స్నేహితుడో ఖాళీ రోడ్డు మీద అరగంట వెనక కూర్చుని నేర్పే విద్యగానే మిగిలిపోయింది. టెస్టులో బైకుతో ఎనిమిది అంకెలా తిరిగి చూపిస్తే లైసెన్సు. సడెన్ బ్రేకు ఎలా కొట్టాలో, ఇసుక మీద ముందు బ్రేకు పట్టేస్తే ఏమవుతుందో చెప్పేవాళ్లు నేను తిరిగిన నాలుగు చోట్లా లేరు. పెద్దాయన్ని గట్టిగా అడిగాను, వయసైపోయింది నాయనా, బైకు వెనక పరిగెత్తలేను అన్నాడు.

టెన్త్ పిల్లల చేతికే తాళం ఇచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనరు ప్రమాదం చేసినా, నేరం చేసినా, బండి ఓనరుకో తండ్రికో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. డబ్బు ఎలాగో కట్టుకోవచ్చు, నేను చూసే చీటీలు మాత్రం వేరే.

చేరేముందు ఇవి అడగండి. కారులో ఒకసారికి ఎంతమంది ఉంటారు, మొత్తం ఎన్ని గంటలు, రాత్రి క్లాసు ఉందా, మీ కాళ్లు పెడల్ మీదనుంచి ఎన్నో రోజు తీస్తారు. నాలుగో ప్రశ్నకు నవ్వేస్తే ఇంకో చోటికి వెళ్లండి.

ఇక్కడ పొద్దున ఆరు గంటల బ్యాచ్ మంచిది, ఎండ ఉండదు, గుత్తి రోడ్డు కాస్త ఖాళీగా ఉంటుంది. వేసవి సెలవులొస్తే సీటు దొరకదు కాబట్టి ఎల్ఎల్ఆర్ ముందే తీసి పెట్టుకోండి, అది ఆరు నెలలు చెల్లుతుంది. మా అన్న కూతురికి మొన్ననే పద్దెనిమిది నిండాయి, వచ్చే సోమవారం నుంచి ఆ ఆరు గంటల బ్యాచ్‌కే వెళ్తోంది.