30×60 ఈస్ట్ ఫేసింగ్ ఇంటి ప్లాన్ "ఫుల్ సెట్" కొంటున్నారా? ముందు ఇది చదవండి

పేరు రాయను. "30×60 ఈస్ట్ ఫేసింగ్, పక్కా వాస్తు, కామెంట్‌లో ప్లాన్ అని పెట్టండి" అంటూ రోజుకో రీల్ వదిలే ఆయనే. మీలో సగం మందికి ఈపాటికి ఆ గొంతు వినిపించే ఉంటుంది. 25,000కి ఫుల్ సెట్ అన్నాడు. ప్లాను, ఎలివేషన్, త్రీడీ, పిల్లర్ల డ్రాయింగు. డబ్బు మొత్తం ముందే కొట్టాలి. కొట్టాం. త్రీడీ మాత్రం అదిరింది, గేటు ముందు తెల్ల కారు, కొబ్బరిచెట్టు, అన్నీ ఉన్నాయి. పునాదికి ముగ్గు పోసే రోజు బాగోతం బయటపడింది.

తాడు పట్టుకున్న మేస్త్రీ అడిగాడు: "మాస్టర్ బెడ్‌రూమ్‌లోంచి వాష్ ఏరియాలోకి తలుపెందుకు సార్?"

ప్లాను తీసి చూడండి అప్పుడు. నైరుతి గది మీద మాస్టర్ బెడ్‌రూమ్ అని రాసి ఉంది, కొలత 10×10. పడమటి గోడకు వాష్ ఏరియాలోకి రెండున్నర అడుగుల తలుపు. దక్షిణం కిటికీ నేల నుంచి 3 అడుగుల 6 అంగుళాల ఎత్తున మొదలవుతోంది. పడకగది కిటికీ అంత ఎత్తున ఎవడూ పెట్టడు, అది వంటగట్టు మీద పెట్టే కిటికీ. పక్కనే ఎగ్జాస్ట్ ఫ్యాను గుర్తు కూడా చెరపలేదు మహానుభావుడు. ఇక ఆగ్నేయంలో వంటగది 12×11, అంటే పడకగది కంటే పెద్దది. దానికి ఆనుకుని 4×7 "స్టోర్". ఆ స్టోరుకు రెండున్నర అడుగుల తలుపు, గోడ మీద 2×1½ వెంటిలేటరు. పప్పు డబ్బాలకు వెంటిలేటరు! అది అక్షరాలా అటాచ్డ్ బాత్రూమ్. పేరు మార్చాడంతే.

జరిగింది ఇది. అసలది వెస్ట్ ఫేసింగ్ ప్లాను. అందులో మాస్టర్ నైరుతిలో రోడ్డు వైపున ఉంటుంది, వంటగది ఆగ్నేయంలో వెనక ఉంటుంది, దాని వెనక వాష్ ఏరియా. ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో మిర్రర్ కమాండు కొడితే ప్లాను అద్దంలోలా తిరగబడి రోడ్డు తూర్పుకొస్తుంది. వంటగది నైరుతిలో పడుతుంది, మాస్టర్ ఆగ్నేయంలోకి పోతుంది. వాస్తు పోయింది కదా, మరి? గదులు కదపాలంటే పని. పేర్లు మారిస్తే రెండు నిమిషాలు. పేర్లే మార్చాడు.

ఫోన్ చేస్తే ఏమన్నాడో చెప్తాను, మీరూ ఆనందించండి. "ఆ తలుపు బాల్కనీకి అనుకోండి సార్." గ్రౌండ్ ఫ్లోర్‌లో బాల్కనీ. మరి వంటగదిలో బాత్రూమ్ సంగతేంటని అడిగితే నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "పాతిక వేలకి మీ ఒక్కరి కోసం కొత్తగా కూర్చుని గీస్తామా సార్? ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. మార్పులు కావాలంటే ఇంకో పాతిక పంపండి." డబ్బు పడేవరకూ అన్నగారు అన్నగారు అని వరస కలిపిన నోరే అది. క్యాడ్ ఫైలైనా ఇవ్వు, వేరేవాళ్లతో దిద్దించుకుంటాం అంటే "అది కంపెనీ ప్రాపర్టీ" అని పెట్టేశాడు. తర్వాత నంబరు బ్లాకు.

"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు" అన్న ఆ ఒక్క ముక్క కోసమే ఈ పోస్టు. మీరైనా అడగండి. ఏం అడగాలో కింద రాస్తున్నాను.

మొదట ఆ రంగుల ప్లానులో మంచం బొమ్మ కొలవండి. క్వీన్ సైజు మంచం 5×6½ అడుగులు. పీడీఎఫ్‌లో గది కొలతతో పోల్చి లెక్కేస్తే ఈయన మంచం 4¼×5½ తేలింది. బొమ్మను కుదించి గదిలో "పట్టించాడు". సోఫా, డైనింగ్ టేబులు, కారు అన్నీ ఇదే కథ. గది విశాలంగా కనిపించేది అందుకే.

రెండోది, ఆ 10×10 ఎక్కడి నుంచి ఎక్కడికి? సెంటర్ లైన్ నుంచి సెంటర్ లైన్‌కి. అంటే గోడ మధ్య నుంచి గోడ మధ్యకు. ఒక పక్క 9 అంగుళాల బయటి గోడ, ఇంకో పక్క 4½ అంగుళాల లోపలి గోడ ఉంటే గదిలోంచి 6¾ అంగుళాలు గోడలకే పోతాయి. రెండు వైపులా ప్లాస్టరింగుకు ఇంకో అంగుళం. చేతికొచ్చేది 9 అడుగుల 4 అంగుళాలు. మంచం పొడవు 6½, వార్డ్‌రోబ్ లోతు 2, కలిపి 8½. మిగిలేది 10 అంగుళాలు. వార్డ్‌రోబ్ తలుపే ఒకటిన్నర అడుగు ఉంటుంది, అది తెరవాలంటే మంచమెక్కి తెరవాలి. కాబట్టి ప్లాను మీద "క్లియర్ కొలతలు, ప్లాస్టరింగు తర్వాత" అని రాసివ్వమనండి. రాయనన్నవాడితో పని పెట్టుకోకండి.

పిల్లర్ల డ్రాయింగు గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. అన్నీ 9×12 అంగుళాలే. హాలు మధ్యలో బరువంతా మోసేదీ 9×12, కాంపౌండు పక్కన మూల పిల్లరూ 9×12. ఫుటింగులన్నీ, అంటే పిల్లర్ల కింది పునాది దిమ్మలన్నీ, 4×4 అడుగులు. కింద నల్లరేగడా, మొరమా, రాయా అని ఒక్క మాట అడగలేదు. మట్టి పరీక్ష లేకుండా ఫుటింగు సైజు ఎలా వచ్చింది? నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, అక్కడ పునాది లోతూ పద్ధతీ వేరు. ఇది స్ట్రక్చరల్ ఇంజనీరు చేయాల్సిన పని, ఆయన సంతకంతో రావాల్సిన కాగితం. ఇంకో చిక్కు కూడా ఉంది. 4½ అంగుళాల గోడలో 9 అంగుళాల పిల్లరు పెడితే అది 4½ అంగుళాలు ఏదో ఒక గదిలోకి పొడుచుకొస్తుంది. ఈ ప్లానులో ఫ్రిజ్‌కి వదిలిన 2½ అడుగుల గూట్లోకే వచ్చింది. మిగిలింది 2 అడుగుల చిల్లర. పెద్ద డబుల్ డోర్ ఫ్రిజ్ దూరదు. ప్లాను వేరు, పిల్లర్ల డ్రాయింగు వేరుగా చూపిస్తారు కాబట్టి ఎవరికీ కనిపించదు. రెంటినీ ఒకే షీటు మీద వేసి చూపించమనాలి.

మెట్ల దగ్గరికి వద్దాం, ఎక్కువ కొంపలు మునిగేది ఇక్కడే. 6×9½ డబ్బా గీసి లోపల కొన్ని గీతలు గీకి "అప్" అని బాణం పెడితే మెట్లయిపోవు. కింది ఫ్లోరు నుంచి పై ఫ్లోరుకు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. మెట్టు ఎత్తు 7 అంగుళాలు ఉండాలంటే 18 ఎత్తులు కావాలి. రెండు వరుసలుగా తిప్పితే వరుసకు 9 ఎత్తులు, అడుగు పెట్టే పలకలు 8. పలక 10 అంగుళాలు చొప్పున 6 అడుగుల 8 అంగుళాలు. మధ్యలో మెట్లు మలుపు తిరిగే ల్యాండింగు 3 అడుగులు, కింద మొదటి మెట్టు ముందు నిలబడే చోటు 3 అడుగులు. మొత్తం 12 అడుగుల 8 అంగుళాలు. ఆయన ఇచ్చింది 9½. అందులో వరుసకు 7 పలకలే గీశాడు, అంటే మొత్తం 16 ఎత్తులు, మెట్టు దాదాపు 8 అంగుళాలు. అరవై దాటిన అమ్మానాన్నలు రోజూ ఆ మెట్లు ఎక్కి దిగాలి. పైగా మొదటి మెట్టు సరిగ్గా పూజగది తలుపు ఎదుట.

మెట్ల కింద కామన్ టాయిలెట్ అన్నాడు. ప్లానులో ముచ్చటగా ఉంది. 9 ఎత్తుల తర్వాత ల్యాండింగు వస్తుంది, అది నేల నుంచి 5 అడుగుల 3 అంగుళాలు. అందులో స్లాబు మందం, కింద ప్లాస్టరు, పైన టైలు కలిసి 7 అంగుళాలు పోతే తలకు దొరికేది 4 అడుగుల 8 అంగుళాలు. అందులోకి వంగి వెళ్లి వంగే రావాలి. మొదటి వరుసే 12 ఎత్తులు చేస్తే ల్యాండింగు 7 అడుగులకు పోతుంది, 6 అడుగుల 5 అంగుళాలు మిగులుతుంది. టాయిలెట్ గచ్చు బేస్‌మెంట్ లెవెల్ కంటే ఇంకొంచెం దించుకుంటే సరిపోతుంది. కానీ ఇదంతా సెక్షన్ డ్రాయింగులో మాత్రమే తెలుస్తుంది, అంటే ఇంటిని నిలువునా కోసినట్టు గీసే బొమ్మలో. సెక్షన్ ఏదని అడిగితే ఈయన జవాబు "సెక్షన్ దేనికి సార్, మేస్త్రీ చూసుకుంటాడు." మేస్త్రీయే చూసుకునేట్టయితే పాతిక వేలు మేస్త్రీకే ఇచ్చేవాళ్లం కదా.

సెట్‌బ్యాకులు, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అవి కూడా గాలికే. 30×60 అంటే 200 గజాలు, 167 చదరపు మీటర్లు. తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం ఈ సైజు స్థలానికి, 12 మీటర్లలోపు రోడ్డుకు, ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు వదలాలి. కట్టుకోవడానికి వచ్చేది సుమారు 23½×51¾. ఆయన ప్లాను 26 అడుగుల వెడల్పుంది. "అందరూ అలాగే కడతారు సార్" అంటాడు. ఇంటి అనుమతుల కోసం తెచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టం కింద ఈ సైజు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో అనుమతి వస్తుంది, నిజమే. కానీ ఆ ధ్రువీకరణ మీద సంతకం ఇంటి ఓనరుది. తప్పుడు వివరాలిచ్చి కడితే నోటీసు లేకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. జేసీబీ వచ్చేది మన గేటు ముందుకే, రీల్స్ ఆయన స్టూడియోకి కాదు. ఆంధ్రలో ఉన్నవాళ్లు అక్కడి రూల్సు విడిగా చూసుకోవాలి, పట్టిక వేరు.

విజిటింగ్ కార్డు మీద "ఆర్కిటెక్ట్" అని ఉంది. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైనవాళ్లే ఆ మాట వాడుకోవాలి. వాళ్లకు సీఏ తర్వాత సంవత్సరం, ఆ తర్వాత అంకెతో ఒక నంబరు ఉంటుంది. కౌన్సిల్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడొచ్చు. ఈయన పేరు అందులో లేదు. అయితే ఒక మెలిక ఉంది. 2020లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఈ చట్టం అడ్డుకునేది ఆ పేరు వాడుకోవడాన్నే, ఇళ్ల ప్లాన్లు గీసే పనిని కాదు. అందుకే "డిజైనర్", "ప్లానర్", "వాస్తు ప్లాన్స్" అని బోర్డు పెట్టుకుని ఎవరైనా గీసి అమ్మొచ్చు. వాళ్లలో మంచి పనివాళ్లు లేకపోలేదు. కానీ నమోదైన ఆర్కిటెక్ట్ తప్పు చేస్తే కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, వృత్తి నియమావళి కింద చర్య తీసుకునే వీలుంది. వీళ్ల మీద ఆ దారి లేదు, వినియోగదారుల కమిషనే గతి.

నిజమైన ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్లినా మన వైపు నుంచి జరగాల్సిన పని కొంత ఉంది. స్థలం నాలుగు పక్కలూ, మూల నుంచి ఎదుటి మూలకు రెండు ఐమూలలూ టేపుతో కొలిచి ఇవ్వండి. డాక్యుమెంటులో 30×60 ఉన్నా స్థలంలో ఒక పక్క 29 అడుగుల 4 అంగుళాలు ఉండటం మామూలే. రోడ్డు లెవెల్, డ్రైనేజీ ఎటు పోతుంది, పక్కింటి కిటికీలు ఎక్కడున్నాయి, బోరు ఎక్కడ, ఇవన్నీ కావాలి. ఇంట్లో ఉన్న బీరువా, మంచం, వాషింగ్ మెషీన్ కొలతలు రాసివ్వండి. వాస్తు సిద్ధాంతిని లైన్ ప్లాన్ దశలోనే, అంటే గదుల అమరిక గీతల్లో ఉన్నప్పుడే, పిలవండి. పిల్లర్లు ఖాయమయ్యాక ఆయనొచ్చి మెట్లు తిప్పమంటే స్ట్రక్చర్ మొత్తం మళ్లీ చేయాలి, ఆ ఫీజూ మీదే. పై అంతస్తు బాత్రూములు కింది బాత్రూముల మీదే వచ్చేలా అప్పుడే తేల్చుకోవాలి. స్లాబు పోశాక తేలితే పూజగది కప్పులోంచి పైపులు దిగుతాయి.

డబ్బు ఒక్కసారి ఇవ్వకండి. అగ్రిమెంటు రాసుకున్నప్పుడు కొంత, లైన్ ప్లాన్ నచ్చాక కొంత, మేస్త్రీ చూసి కట్టే వర్కింగ్ డ్రాయింగులు చేతికొచ్చాక పెద్ద వాటా, మిగిలింది సైటుకు వచ్చినప్పుడల్లా. ముగ్గు పోసేటప్పుడు, పునాది మీద వేసే ప్లింత్ బీమ్ దగ్గర, స్లాబు పోసే ముందు రాడ్లు చూడ్డానికి ఆయన రావాలని కాగితం మీద ఉండాలి. ఏ డ్రాయింగులు ఇస్తారో పేరుపేరునా రాయించుకోండి. సెంటర్ లైన్, ఫుటింగులు, పిల్లర్లు, బీములు, మెట్ల మీదుగా ఒక సెక్షన్, బాత్రూము మీదుగా ఒక సెక్షన్, తలుపులు కిటికీల పట్టిక, కరెంటు పాయింట్లు, నీళ్ల లైన్లు. "ఫుల్ సెట్" అన్న మాటకు అర్థం లేదు. డ్రాయింగు మీద కాపీరైటు మామూలుగా గీసినవాళ్లదే, అందుకని క్యాడ్ ఫైలు కావాలంటే ఆ మాట కూడా అగ్రిమెంటులోనే ఉండాలి. లేకపోతే "కంపెనీ ప్రాపర్టీ" అనే పాట వినాల్సి వస్తుంది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే కేసు వేయొచ్చు. వాట్సాప్ చాట్, ఆ రీల్ స్క్రీన్ రికార్డింగు, మిర్రర్ కొట్టిన పీడీఎఫ్, అన్నీ దాచుకోండి. ఇక మీదట ఎవరికి ఫోన్‌పే చేసినా నోటులో "ఇంటి ప్లాన్ ఫీజు, ఫలానా దశ" అని రాసే పంపండి. ఖాళీగా పంపితే అది చేబదులు అనేవాళ్లు కూడా ఉన్నారు.