కోత ఆపే గ్లవ్స్: గాజుకు సరే, సూదికి కాదు

ఈ గ్లవ్స్ మీద నా కోపమంతా ఒక్క అంకె మీదే. వెనకవైపు సుత్తి బొమ్మ కింద ‘4ఎక్స్43సి’ అని అచ్చేసి ఉంటుంది చూడండి, అందులో ఆ చివరి 3. దాన్ని వేలితో చూపించే కొట్టతను “సూదైనా దిగదక్కా, రాసిస్తా” అన్నాడు. దిగింది.

బూడిద రంగు అల్లిక, అరచేతికి నల్లటి నైట్రైల్ (ఒక రకం రబ్బరు) పూత ఉండే రకం. కంపెనీ పేరు అడక్కండి, ఈ రకంలో అన్నీ ఇంచుమించు ఒకటే. మాకు జత రూ.250 దాకా పడుతోంది. మాది విజయవాడలో పొడి చెత్త వేరుచేసే షెడ్డు. బళ్ళవాళ్ళు తెచ్చి పోసిన గుట్టలోంచి అట్టలు, పాల కవర్లు, సీసాలు, గాజు, రేకు విడదీస్తాం. పొద్దున్నుంచీ చేతులు అందులోనే.

గాజు విషయంలో వంక పెట్టలేను. ఎవరో పగిలిన అద్దాన్ని దిండు గలీబులో చుట్టి పడేశారు. పాత బట్టలనుకుని గుప్పిట పట్టి లాగాను. పెంకు అరచేతి మీద బర్రుమని గీసుకుపోయింది, పూత మీద పొడుగ్గా తెల్లటి గీత పడింది. గ్లవ్ తీసి చూస్తే చర్మం మీద గోటి గీత కూడా లేదు. అంతకుముందు మాకిచ్చే కాటన్ తొడుగులైతే ఆ రోజు కుట్లు పడేవి. ఆ వారమే షెడ్డులో అందరిచేతా ఇవే కొనిపించాను. గాజు వరకు ఆ మాట మీదే ఉన్నాను.

సూది సంగతి చెప్తాను. మందుల కొట్టు ప్లాస్టిక్ కవరు, మూతి గట్టిగా ముడేసి ఉంది. లోపల మాత్రల అట్టలున్నట్టు చేతికి తెలుస్తోంది. అవి పనికొస్తాయని ముడి విప్పబోతే బొటనవేలి కింద కండలో చురుక్కుమంది. ఇన్సులిన్ సిరంజి. మూత లేదు. గ్లవ్ లాగేసి చూస్తే చిన్న రక్తపు బొట్టు, అంతే. చిత్రమేమంటే గ్లవ్‌ని ఎండకి పట్టి చూసినా రంధ్రం కనపడలేదు. అదే జతని ఇప్పుడు మళ్ళీ వేసుకోమన్నా అభ్యంతరం చెప్పడానికి ఆధారం లేదన్నమాట!

ఆ తర్వాతే ఆ అంకెల గొడవేంటో కూర్చుని చదివాను. ఈఎన్ 388 అనే యూరప్ ప్రమాణం అది. మొదటి అంకె రాపిడికి, రెండోది కోతకి, మూడోది చిరుగుడికి, నాలుగోది పొడుపుకి. ఎక్స్ ఉందంటే ఆ పరీక్ష చెయ్యలేదనో, ఈ బట్టకి అది కుదరదనో అర్థం. చివర అక్షరం కోతకే ఇంకో గట్టి పరీక్ష, ఎ నుంచి ఎఫ్ దాకా ఉంటుంది. అబద్ధమేం లేదు. మరి పొడుపు పరీక్ష దేంతో చేస్తారనుకున్నారు? 4.5 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కు కడ్డీతో. మేకు గుచ్చుకుంటే ఆగుతుందా అని చూడ్డానికి అది సరిపోతుంది. ఇన్సులిన్ సూది మందం పావు మిల్లీమీటరు. నవారు సందులోంచి పుల్ల దూరినట్టు అది పోగుల మధ్య నుంచి దూరిపోతుంది, ఒక్క పోగు కూడా తెగదు. సూదుల కోసం విడిగా అమెరికా ప్రమాణం ఒకటుంది, ఏఎస్‌టీఎం ఎఫ్2878. అందులో నిజంగా ఇంజెక్షన్ సూదితోనే పొడిచి చూస్తారు. మా వీధి కొట్టులో దాని పేరు విన్నవాడు లేడు.

సబ్బుతో, పారే నీళ్ళ కింద కడిగి సర్కారు ఆసుపత్రికి పోయాను. పిండొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మేం చేసే మొదటి పని అదే కదా, పిండి రక్తం కార్చడం! హెచ్ఐవీ మందు అవసరమైతే 72 గంటల్లోపే మొదలెట్టాలట, ఎంత ముందైతే అంత మంచిదట. నాకు అక్కర్లేదని అన్నీ అడిగి తేల్చింది. ఆవిడ భయపడింది కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్-బి గురించి. ఆ వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. “టీకా వేయించుకున్నావా?” అంటే మొహమొహాలు చూసుకున్నాం, నేనూ నాతో వచ్చిన అక్కా. ఆ టీకా మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. నాకు తర్వాతి పరీక్షలన్నీ నెగెటివే వచ్చాయి. మేస్త్రిని మిగతావాళ్ళకీ టీకా వేయించమంటే “గ్లవ్స్ ఇచ్చాంగా అమ్మా” అన్నాడు. అప్పటి 2016 ఘన వ్యర్థాల నియమాల్లో చెత్త పట్టే పనివాళ్ళకి ఇవ్వాల్సినవి రాసుండేవి: యూనిఫాం, మెరిసే జాకెట్టు, చేతి తొడుగులు, రెయిన్‌కోటు, చెప్పులో బూట్లో, మాస్కు. ఎలాంటి తొడుగులో అందులో ఉండేది కాదు. ఇళ్ళల్లో వాడిన సూదులు, సిరంజిలు మాత్రం అవే నియమాల్లో గృహ ప్రమాదకర వ్యర్థాల కింద ఉండేవి, అంటే అసలు మా గుట్టలోకే రాకూడదు.

మిగతా ఇబ్బందులు చిన్నవే. మే నెలలో లోపల చెమటకి వేళ్ళు నానిపోతాయి, గంటకోసారి తీసి ఆరబెట్టాల్సిందే. కుడిచేతిది ముందు అరుగుతుంది, పూత ఒకవైపే కాబట్టి ఎడమది కుడికి పనికిరాదు; మా షెడ్డు గోడకి ఎడమచేతి తొడుగులే వేలాడుతుంటాయి. కొలతల సంగతి మాత్రం చిన్నది కాదు. వేరుచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళం, కొట్లలో దొరికేవి 9, 10 సైజులు. వేలి చివర ఖాళీగా వేలాడే గ్లవ్‌తో, చెత్తని నొక్కి కట్టలు కట్టే బేలింగ్ మిషను దగ్గరకి పోతే పూత ఎంత మంచిదైనా ఏం లాభం? ఇరుక్కుంటుందని అక్కడ మేం తీసేసే నిలబడతాం.

ఇప్పుడు గుట్టలో చెయ్యి పెట్టడం మానేశాం. సంచీని బల్ల మీద కుమ్మరించి, కొక్కెంతో పరిచి, కళ్ళకి కనపడ్డాకే ముట్టుకుంటాం. ముడి ఉన్న కవరుని విప్పం, పక్క నుంచి కత్తెరతో కోస్తాం. సంచీ మోసేటప్పుడు తొడకి ఆనించం. పని నెమ్మదించిందని మేస్త్రి గొణుగుతాడు, తూకం మీద కూలి ఇచ్చే చోట ఇలా కుదరదని నాకూ తెలుసు. మాది రోజు కూలి కాబట్టి సాగుతోంది.

మళ్ళీ ఇవే కొన్నాను, ఈసారి 7 సైజు ఆన్‌లైన్‌లో. గాజు, రేకు ఎక్కువ తగిలే పనైతే డబ్బుకి న్యాయమే. తడి చెత్త బండి మీద వెళ్ళేవాళ్ళకి వద్దంటాను, మణికట్టు దగ్గర అల్లిక నీళ్ళు పీల్చేస్తుంది, వాళ్ళకి పొడుగు రబ్బరువే మేలు. ఆసుపత్రులూ క్లినిక్కులూ ఎక్కువున్న వీధుల చెత్త మీకొస్తుంటే మాత్రం ఆ రూ.250 ముందు టీకాకి పెట్టుకోండి, గ్లవ్స్ తర్వాత చూద్దురుగాని.