పెద్ద పార్టీలో చేరడమా, సొంత పార్టీ పెట్టుకోవడమా?

మత విశ్వాసాలకు చట్టంలో చోటు కావాలనుకునే క్రైస్తవ సంప్రదాయవాదులు అమెరికాలో రిపబ్లికన్ పార్టీలోకి చొచ్చుకుపోయారు. నెదర్లాండ్స్‌లో అలాంటివారి చిన్న పార్టీ ఎస్‌జీపీ 1918 నుంచీ సొంత జెండాతోనే నిలిచింది.

శ్రమ: 1988లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడి ఓడిన టీవీ మతబోధకుడు పాట్ రాబర్ట్‌సన్ మరుసటి ఏడాది స్థాపించిన క్రిస్టియన్ కోయలిషన్, స్థానిక పార్టీ కమిటీల్లో తన వారిని నిలబెట్టి, అభ్యర్థుల వైఖరులను పక్కపక్కనే ముద్రించిన కరపత్రాలను ఎన్నికల ముందు చర్చిల ద్వారా పంచింది. ఎస్‌జీపీకి తన చర్చి సంఘాల ఓటర్లను కాపాడుకుంటే చాలు.

ఫలితం: గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి తీర్పును అమెరికా సుప్రీంకోర్టు 2022లో కొట్టివేసింది, రిపబ్లికన్ అధ్యక్షుడు ట్రంప్ నియమించిన ముగ్గురు న్యాయమూర్తులు లేనిదే అది జరిగేది కాదు. ఎస్‌జీపీకి 150 స్థానాల డచ్ దిగువసభలో సాధారణంగా దక్కేవి రెండు మూడే.

ప్రమాదం: పెద్ద పార్టీ అవసరం తీరాక మాట మార్చగలదు. 2024 రిపబ్లికన్ ఎన్నికల ప్రణాళిక గర్భస్రావం విషయాన్ని ప్రధానంగా రాష్ట్రాలకే వదిలేసింది. అధికారంతో ఇంతగా ముడిపడడం విశ్వాసానికే ఎక్కువ నష్టమని నా అభిప్రాయం. సొంత పార్టీకి ఆ బెడద తక్కువే అయినా, మహిళలను అభ్యర్థులుగా నిలపకూడదన్న నియమాన్ని ఎస్‌జీపీ కోర్టు తీర్పుల తర్వాత 2013లో సడలించక తప్పలేదు.

నెదర్లాండ్స్‌లోలా ఓట్లలో నూటయాభయ్యో వంతుకే సీటు దక్కే దామాషా పద్ధతి ఉన్నచోట సొంత పార్టీ నిలుస్తుంది. అమెరికాలోలా నియోజకవర్గంలో మొదటివాడే గెలిచే చోట పెద్ద పార్టీలో చేరడమే మేలు.