డైనోసార్ల కాలపు క్షీరదాల బొమ్మల సెట్టు: బడి కోసం కొనేవారికి

మహబూబ్‌నగర్‌లోని మా బడి సైన్సు గదికి ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ సెట్టులో డైనోసార్లతో పాటే బతికి అంతరించిపోయిన క్షీరదాల రబ్బరు బొమ్మలు, ఒక వివరాల పుస్తకం ఉన్నాయి. ప్యాకింగుకు వంక పెట్టడానికి లేదు.

పెట్టిన డబ్బుకు తగిన బొమ్మ రెపెనోమామస్. చైనాలోని లియావోనింగ్‌లో దొరికిన ఈ జంతువు సుమారు 12.5 కోట్ల ఏళ్ల నాటిది. దాని శిలాజంలో పొట్ట ఉండే చోట సిట్టకోసారస్ అనే డైనోసార్ పిల్ల ఎముకలు ఉన్నట్టు 2005లో ప్రకటించారు. ఆ కాలపు క్షీరదాలన్నీ డైనోసార్లకు భయపడి దాక్కున్న చుంచెలుకలేనని అనుకునే పిల్లలకు ఈ ఒక్క బొమ్మ చూపిస్తే చాలు, ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. మొనదేలిన ముందు పళ్లు, కాస్త పక్కకు వంగిన కాళ్లు శ్రద్ధగా చేశారు. జురాసిక్ కాలంలో నీళ్లలో ఈదిన కాస్టొరోకాడాకు చదునైన తోక మీద పొలుసులను కూడా చెక్కారు. శిలాజంలో బొచ్చు గుర్తులతో పాటు అవీ కనిపించాయి.

కొలతల విషయంలో మాత్రం పూర్తిగా గాడి తప్పారు. తల, మొండెం కలిపి 10 సెంటీమీటర్లకు మించని మోర్గనుకోడాన్‌నూ, మీటరు పైబడిన రెపెనోమామస్‌నూ ఒకే సైజులో పోతపోశారు. అసలు పరిమాణం పుస్తకంలో ఉన్నా, అది ఇంగ్లిషులో ఉంది, పిల్లలు చూసేది బొమ్మనే. ఇంతకంటే విడ్డూరం, వీటి మధ్య ఏనుగును పోలిన ఒక మామత్‌ను కూడా చేర్చడం. డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ల క్రితమే పోగా, మామత్‌లు వచ్చింది చాలా కోట్ల ఏళ్ల తర్వాత. ఈ సంగతి అమ్మకందారుకు రాస్తే, బొమ్మ ఏమైనా విరిగిందా అని జవాబు వచ్చింది.

మన పక్కనే వికారాబాద్ ప్రాంతంలోని నస్కల్ దగ్గర, దక్కను లావా పొరల మధ్య పేరుకున్న మట్టిలో దొరికిన డెక్కనోలెస్టిస్ ఊసు పుస్తకంలో ఎక్కడా లేదు. డైనోసార్ల కాలంలో ఆఖరిదైన క్రెటేషియస్ యుగం చివరి నాటి ఈ చిన్న క్షీరదం గురించి 1988లో శిలాజ శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ప్రకటించారు. మిల్లీమీటర్లలో కొలిచే పళ్లు, కొన్ని చీలమండ ఎముకలు తప్ప పెద్దగా ఏమీ దొరకలేదు కనుక దానికి బొమ్మ చేయడం కష్టమే, కానీ ఒక పేజీ కేటాయించడానికి అడ్డేముంది? ఆ పేజీని మేమే తెలుగులో రాసి పుస్తకం వెనుక అట్టకు అంటించాము. ఐదింటికి మూడు స్టార్లు ఇస్తున్నాను. మామత్ లేకుండా విడిగా అమ్మితే నాలుగు ఇచ్చేవాణ్ణి.